ఎర్సీలియా ఇవ్వని దీవెన

మోకా అనే ఊళ్ళో ఎర్సీలియా చేత తల దువ్వించుకోని ఆడదే లేదంటే అది కాస్త అతిశయోక్తి. ఆమె దీవెన అందుకోని పిల్ల గానీ పిల్లాడు గానీ ఆ వీధిలో లేరంటే మాత్రం అక్షరాలా నిజం. ఇంటి ముందు గదే ఆమె పార్లరు. రెండు కుర్చీలు, బోర్లించిన బిందెల్లాంటి రెండు డ్రయ్యర్లు, గోడ మీద ఆల్తగ్రాసియా మాత పటం, పగలంతా తెరిచే ఉండే తలుపు. బడికెళ్ళే పిల్లలు ఆ తలుపు ముందు నుంచి పోతూ "దీవెన, దోన్యా ఎర్సీలియా" అని కేకేసేవాళ్ళు. దోన్యా అంటే అక్కడ అమ్మగారు అన్నట్టు. చేతిలో ఎవరి జుట్టున్నా, పళ్ళ మధ్య ఎన్ని పిన్నులున్నా, "దేవుడు దీవించుగాక నాయనా" అనందే ఆమె వాళ్ళను వదిలేది కాదు.

దీవెన అడక్కుండా వీధిలోకి పోయిన పిల్లకు ఏమైనా అయితే ఆ పాపం ఎవరిది అని ఆమె వాదన. పెద్దవాళ్ళదే కదా. అందుకని ఎవరి పిల్లలు మర్చిపోయినా తనే పిలిచి మరీ అడిగించి ఇచ్చేది. ఊళ్ళో కొందరు దీన్ని మంచితనం అనేవాళ్ళు, కొందరు పెత్తనం అనేవాళ్ళు. రెండూ నిజమే.

అలాంటి ఆవిడకు నినీలాంటి మనవరాలు దొరికింది. బడిలో రాసిన పేరు డార్లెనిస్. ఆ పేరుతో పిలిస్తే ఆ పిల్లే పలకదు. తండ్రి వేరే ఊళ్ళో వేరే సంసారం పెట్టుకున్నాడు. తల్లి యుదెల్కా తెల్లవారకముందే బస్సెక్కి బట్టల ఫ్యాక్టరీకి పోయి సాయంత్రం దాకా చొక్కాలకు కాలర్లు కుడుతుంది. పిల్ల పెంపకం అంతా అమ్మమ్మదే.

మాటలు వచ్చిన దగ్గర్నుంచీ నినీ దీవెన అడగడంలో లోటు చేయలేదు. ఆరేళ్ళు నిండేసరికి ఒకసారి అడిగితే చాలేది కాదు. గుమ్మంలో అడిగేది, మెట్టు దిగి వెనక్కొచ్చి అడిగేది, మలుపు దాకా పోయి పరుగున తిరిగొచ్చి మళ్ళీ అడిగేది. ఎర్సీలియాకు ముచ్చటేసింది. ఏ అమ్మమ్మకు వేయదు చెప్పండి. డ్రయ్యరు కింద కూర్చున్న వాళ్ళకు చెవులు వినపడవు కనుక, ఆ గొప్పను కేకలేసి మరీ చెప్పుకునేది.

"మీ పిల్లలకు నోరు పెగల్దు గానీ మా నినీని చూడండమ్మా. అడిగిందే అడుగుతుంది. మా ఇంట్లో ఓ సిస్టరమ్మ పుడుతుందని మా అమ్మ ఎప్పుడో అంది."

"మా వాడూ అడిగిందే అడుగుతాడే, ఎర్సీలియా," అంది ఎదురింటి చేయా, తల నిండా రోలర్లతో. "కాకపోతే వాడడిగేది దీవెన కాదు, మోటారు సైకిలు."

అందరూ నవ్వారు. ఎర్సీలియా నినీని పిలిచి, అందరి ముందూ ఇంకోసారి అడిగించి, ఇంకోసారి దీవించింది. పిల్ల ముఖం పాలిపోయి ఉందని, చేతులు చెమట పట్టి ఉన్నాయని ఆ గదిలో ఒక్కరూ చూడలేదు. చూడాల్సిన ఆవిడ అసలే చూడలేదు.

అది భక్తి కాదని మొదట కనిపెట్టింది యుదెల్కా. దీవెన మాట మధ్యలో వీధిలో బండి చప్పుడైతే ఆ దీవెన చెల్లదట. అమ్మమ్మ కళ్ళు తన మీద కాక దువ్వెన మీద ఉంటే చెల్లదట. "దేవుడు దీవించుగాక" అని ఊరుకుంటే చాలదు, చివర "తల్లీ" అనాలి, అదీ మెల్లగా అనాలి. చెల్లకపోతే ఏమవుతుందే అని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగితే, పిల్ల "నువ్వెక్కిన బస్సు బోల్తా పడుతుంది" అని చెప్పి, చెప్పినందుకు ఇంకా భయపడి బావురుమంది.

బడికి ఆలస్యంగా పోవడం మొదలై, సగం పూటకు పోవడం అయి, ఆ తర్వాత పోవడమే మానేసింది. ఇంట్లో ఉండి ఫ్యాక్టరీకి ఫోన్లు చేసి తల్లి దీవెన అడిగేది. యుదెల్కా ఫ్యాక్టరీ మరుగుదొడ్లో నిలబడి గుసగుసగా దీవించేది. ఇంకొకసారి ఇలా కుట్టు మిషను వదిలి పోతే ఇంటికి పొమ్మన్నాడు సూపర్‌వైజరు.

"అమ్మా, ఇది భక్తి కాదే. పిల్ల వణికిపోతోంది."

"దేవుడి పేరు వింటే వణికేవి దయ్యాలు. నా మనవరాలు కాదు."

"నీ పార్లర్లో చెప్పుకోడానికి బాగానే ఉంటుంది. అది బడి మొహం చూసి ఎన్నాళ్ళయిందో నీకు పట్టిందా?"

జవాబు లేనప్పుడు ఎర్సీలియా గిన్నెలు తోముతుంది. ఆ పూట కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

దగ్గర్లోని పెద్ద ఊరు సాంతియాగోలో పిల్లల మనసు జబ్బులు చూసే తెహాదా అనే డాక్టరమ్మ ఉందని ఫ్యాక్టరీలో ఎవరో చెబితే యుదెల్కా పిల్లను తీసుకుపోయింది. రెండోసారి వచ్చేటప్పుడు అమ్మమ్మను కూడా తీసుకురమ్మని కబురొచ్చింది. ఎర్సీలియా ఆదివారం బట్టలు కట్టుకుని, నలుగురు కూర్చోవాల్సిన షేరు కారులో ఆరుగురి మధ్య నలుగుతూ వెళ్ళింది. డాక్టరమ్మ అంటే కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ అనుకుంది. చూస్తే తన కూతురి ఈడు పిల్ల, జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు.

"జబ్బు పిల్లదే, దోన్యా ఎర్సీలియా. మందు మాత్రం ఇంట్లో అందరూ మింగాలి," అంది ఆ డాక్టరమ్మ.

పిల్ల తలలో ఒక భయం అతుక్కుపోతుందట. దీవెన వినగానే కాసేపు వదులుతుంది, మళ్ళీ ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఆ భయానికి ఏం పేరు పెడదాం అని డాక్టరమ్మ అడిగితే నినీ "ఈగ" అంది. చెవి దగ్గర చేరి "సరిగ్గా రాలేదు, మళ్ళీ అడుగు, మళ్ళీ అడుగు" అంటుందట.

"మీరు రెండోసారి దీవించినప్పుడల్లా పిల్ల నెమ్మదిస్తుంది. ఈగేమో మేసి బలుస్తుంది. పొద్దున వెళ్ళేటప్పుడు ఒకసారి ఇవ్వండి, వచ్చాక ఒకసారి ఇవ్వండి. మనసారా ఇవ్వండి. మళ్ళీ అడిగితే, 'ఇచ్చేశాను, ఇప్పుడడిగేది ఈగ' అనండి. ఏడుస్తుంది. పక్కనే కూర్చోండి గానీ ఇవ్వకండి. కాసేపటికి ఆ భయం దానంతటదే దిగుతుంది. దిగుతుందని పిల్లకు తెలియాలి. మనం చెబితే తెలియదు, దానికదే చూడాలి."

"అంటే దేవుడి మాటను నా నోట్లోనే నొక్కేసుకోమంటారు."

"రెండోసారి దాన్ని మాత్రమే."

ఎర్సీలియా తల ఊపింది. కొనలు మాత్రమే కత్తిరించు అని చెప్పే ఆడవాళ్ళకు కూడా ఆమె అలాగే తల ఊపుతుంది. ఆమె ఎన్నడూ కొనలు మాత్రమే కత్తిరించి ఎరగదు.

మొదట్లో ఇల్లు ఇల్లులా లేదు. సెలవు రోజున యుదెల్కా పిల్ల పక్కన నేల మీద కూర్చుని, "ఇచ్చేశానమ్మా, అది ఈగ" అంటూ ఉండేది. నినీ గింజుకునేది, తల్లి మోకాళ్ళు పట్టుకుని బతిమాలేది, చివరికి సొమ్మసిల్లినట్టు నెమ్మదించేది. నెమ్మదించాక తనే ఆశ్చర్యపోయేది. యుదెల్కా కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. ఎర్సీలియా వంటింట్లోంచి ఇదంతా చూసేది. పస్తులుంచినట్టు పిల్లను ఏడిపిస్తున్నారు, తన నోట్లో మాట ఉండగా. ఒక్క మాట, ఊపిరంత మాట.

ఒక పొద్దున యుదెల్కా పనికి పోయాక, ఎర్సీలియా పిల్లకు జడలు వేస్తోంది. నినీ దీవెన అడిగింది, ఇచ్చింది. మళ్ళీ అడిగింది. ఎర్సీలియా పాపిడి తీస్తున్న దువ్వెన తోకను పిల్ల నడినెత్తికి ఆనించి, సిలువ గుర్తులా అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసింది.

"నోటితో అంటేనే లెక్క," అంది చెవిలో. "ఇది దువ్వెన పని. అమ్మకు చెప్పక్కర్లేదు."

అద్దంలో పిల్ల ముఖం విచ్చుకుంది. ఎర్సీలియా ప్రాణం లేచొచ్చింది. డాక్టర్లకు తెలియని కిటుకు తనకు తెలిసిందని కాస్త మురిసిపోయింది కూడా. ఎంత సిగ్గులేని మురిపెమో ఆ తర్వాత తెలిసింది.

అప్పట్నుంచి నినీ నోటితో అడగడం తగ్గించింది. యుదెల్కా సంతోషించింది. కానీ పిల్లకు జడలు నచ్చడం మానేశాయి. వేసిన జడ విప్పేసి "మళ్ళీ వెయ్యి అమ్మమ్మా" అనేది. రిబ్బను ముడి బాగోలేదనేది, పాపిడి వంకరనేది. పార్లరుకు వచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి ఎర్సీలియా మనవరాలి తల ముందేసుకునేది. చివరికి పిల్ల నెత్తి మీద చర్మం ఎర్రగా కందిపోయింది. బడి సంగతి ఎవరూ ఎత్తనే లేదు.

"ఒకటి పోతే ఇంకొకటి పట్టుకుంది, డాక్టరమ్మా," అంది యుదెల్కా తర్వాతిసారి ముగ్గురూ సాంతియాగో పోయినప్పుడు. ఆ గొంతు ఓడిపోయినట్టుంది. "ఇప్పుడు జడలట. నేనే ఎక్కడో తప్పు చేస్తున్నానేమో. పనికి పోతున్నాను కదా, ఉండి చూసుకోలేకపోతున్నాను."

డాక్టరమ్మ నినీ వైపు తిరిగింది. "జడల గురించి ఈగ ఏమంటోందమ్మా?"

"జడల గురించేం అనదు," అంది నినీ, రంగు పెన్సిలు కొరుకుతూ. "అమ్మమ్మ దువ్వెనతో దీవెన పెడుతుంది. దువ్వెనతో అయితే లెక్క కాదుగా. కానీ ఒక్కోసారి గీత వంకర పోతుంది. అప్పుడు మళ్ళీ పెట్టించుకోవాలి."

ఎర్సీలియాకు తల కొట్టేసినట్టయింది. చెవులు వేడెక్కాయి. కూతురి ముఖం చూడలేక తన చెప్పుల వైపు చూసుకుంది. యుదెల్కా ఇప్పటిదాకా తన తప్పేనని కుమిలిపోతోంది. పక్కనే కూర్చుని ఆ మాట వింటూ కూడా తను నోరు విప్పలేదు. పిల్ల చెప్పకపోతే ఇవాళ కూడా విప్పేది కాదు.

డాక్టరమ్మ కసిరినా బాగుండేది. కసరలేదు. "ఎందుకు పెట్టారు, దోన్యా?" అని మెల్లగా అడిగింది.

"ఏడుస్తుంటే చూడలేక."

"అంతేనా?"

ఎర్సీలియా చీర కొంగు లేని మనిషి కనుక చేతిసంచి పట్టీనే మెలిపెట్టింది. అబద్ధమాడదామనుకుంది. ఆడడానికి ఏమీ మిగల్లేదు. "ఇవ్వకుండా పంపితే, ఏమైనా అయితే? ఆ తర్వాత నేనేమైపోవాలి?"

"నినీ కూడా నాకు ఇదే చెబుతుంది."

పిల్ల పెన్సిలు కింద పెట్టి, అమ్మమ్మ దగ్గరకొచ్చి, ఆమె ముఖంలోకి చూసింది. "అమ్మమ్మా, నీ చెవిలో కూడా ఉందా?" అని అడిగింది. వేళాకోళం కాదు, తోడు దొరికిందని. ఆ అడగడంలోని జాలికి ఎర్సీలియా చచ్చిపోయింది.

"మీ వల్ల జబ్బు రాలేదు," అంది డాక్టరమ్మ. "ఎవరి వల్లా రాదు. కానీ నినీ ఎక్కువగా నమ్మేది మిమ్మల్ని. మీరివ్వకుండా ఉంటే దానికి ధైర్యం వస్తుంది. యుదెల్కా ఇవ్వకపోతే కాదు."

తిరుగు కారులో యుదెల్కా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పక్కన ఎవరో ముసలాయన ఒళ్ళో కోడిపుంజుతో కూర్చుని దారి పొడుగునా దాని పరాక్రమం చెబుతూనే ఉన్నాడు. ఎర్సీలియా ఆయనకు ఊ కొడుతూ కూర్చుంది, కూతురితో మాట్లాడాల్సిన అవసరం తప్పినందుకు.

ఇంటికొచ్చాక మాత్రం తప్పలేదు.

"నన్ను తిట్టవే," అంది ఎర్సీలియా.

"ఏమని తిట్టనమ్మా? నేను ఫ్యాక్టరీలో ఏడ్చుకుంటూ కాలర్లు కుడుతున్నా. దాన్ని ఏడిపించే పాపం నాది, ఊరడించే పుణ్యం నీది. బాగానే పంచావు." యుదెల్కా గొంతు పెంచలేదు. "అది నిన్ను చూసి నేర్చుకుంటోంది, అమ్మతో అబద్ధం ఎలా ఆడాలో."

ఎర్సీలియా ఆ పూట గిన్నెలు తోమలేదు. పార్లరు కుర్చీలో కూర్చుంది. ఎదురుగా అద్దం ఉంది. ఇన్నేళ్ళూ ఆ అద్దంలో ఊరి ఆడవాళ్ళందరి ముఖాలూ చూసింది, వాళ్ళ లోపాలు వాళ్ళకే చూపించింది. పిల్ల భయాన్ని నలుగురిలో ప్రదర్శనకు పెట్టి పేరు తెచ్చుకున్న ముఖం ఇదే కదా అనుకుంది. చూడబుద్ధి కాక డ్రయ్యరు మీది గుడ్డ తీసి అద్దం మీద కప్పింది.

ఇక బడి. పొద్దున పిల్లను బడి గేటు దాకా తీసుకుపోయి, ఇంటి దగ్గర ఇచ్చిన ఒక్క దీవెనతోనే లోపలికి పంపాలి. యుదెల్కా ఆ వేళకు పనిలో ఉంటుంది. ఎర్సీలియానే పోవాలి.

నీలం చొక్కా, ఖాకీ ప్యాంటు వేసుకుని నినీ గేటు దాకా బాగానే నడిచింది. గేటు దగ్గర పిల్లల్ని దింపడానికొచ్చిన ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. అందరూ ఎర్సీలియా చేతి కింద తల వంచిన వాళ్ళే. వాళ్ళ మధ్య చేయా, మనవడి భుజం పట్టుకుని.

నినీ ఆగిపోయింది. "దీవెన, అమ్మమ్మా."

"ఇచ్చేశాను తల్లీ."

"అప్పుడు లారీ వెళ్ళింది. సగమే వినపడింది."

"ఇప్పుడడిగేది ఈగ. నువ్వు కాదు."

"ఈగ కాదు, నేనే. నిజంగా నేనే." పిల్ల గొంతు లేచింది. "ఒక్కసారి అమ్మమ్మా. మెల్లగా అను. ఎవరికీ వినపడకుండా అను."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు. ఎర్సీలియా పళ్ళు బిగించింది. దీవెన నాలుక చివర దాకా వచ్చి నిలబడింది. మింగితే దిగలేదు. నినీ కాలిబాట మీద చతికిలబడి, అమ్మమ్మ గౌను పట్టుకుని గుండెలవిసేలా ఏడ్చింది. ఎర్సీలియా కూడా పక్కన కూర్చుంది. ఆ వయసులో, ఆ దుమ్ములో, అంతమంది ముందు.

"ఏమైందే దీనికి?" అని వెనక ఎవరో అడిగారు.

"దీవెన అడుగుతోంది. ఆవిడ ఇవ్వట్లేదు."

"ఎవరు, ఎర్సీలియానా? కోపమొస్తే మాత్రం, పసిదాని మీదా?"

"వీధిలో పిల్లలందరికీ పంచుతుంది. సొంత మనవరాలికొచ్చేసరికి చెయ్యి రావట్లేదు."

చేయా ముందుకొచ్చింది. చేయా చెడ్డ మనిషి కాదు. ఏడ్చే పిల్లను చూసి ఊరుకోలేని మనిషి, అంతే. "ఒక్క మాటకు ఇంత బిగువెందుకే, ఎర్సీలియా? ఏ గొడవైనా ఇంట్లో చూసుకో." వంగి పిల్ల గడ్డం పట్టుకుంది. "ఇటు చూడమ్మా, నేనిస్తాగా. దేవుడు..."

ఎర్సీలియా ఎలా లేచిందో ఆమెకే తెలియదు. చేయా నోటి మీద తన అరచెయ్యి పెట్టి గట్టిగా మూసేసింది.

బడి గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. చేయా కళ్ళు చెయ్యి పైన గుండ్రంగా తెరుచుకుని ఉన్నాయి. ఎర్సీలియా చెయ్యి తీసింది. "వద్దు, చేయా. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇవ్వకు." ఎందుకో చెబితే అక్కడితో పోయేది. కానీ చెబితే సాయంత్రానికి ఊరంతా నినీని పిచ్చిపిల్ల అంటుంది, ఆ మాట పెళ్ళీడు దాకా వెంటాడుతుంది. అందుకని ఇంకేమీ చెప్పలేదు.

"దేవుడి మాటకు అడ్డం చెయ్యి పెట్టావే నువ్వు," అంది చేయా, పెదవులు తుడుచుకుంటూ. "నా యాభై ఏళ్ళలో ఇది చూడలేదు."

అందరి చూపులూ ఒంటి మీద వేడి నీళ్ళలా పడ్డాయి. ఎర్సీలియా తల వంచుకుని మళ్ళీ పిల్ల పక్కన కూర్చుంది. నినీ ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూస్తోంది. అమ్మమ్మ తన కోసం చేయా నోరు మూసింది. అమ్మమ్మ చేతులు కూడా వణుకుతున్నాయి.

"నీక్కూడా భయమేస్తోందా?" అని గుసగుసగా అడిగింది.

"చాలా వేస్తోంది."

"దిగుతుందిలే. కూర్చుంటే దిగుతుంది. డాక్టరమ్మ చెప్పిందిగా."

కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయారు. కాసేపటికి నినీ ముక్కు తుడుచుకుని, లేచి, గేట్లోంచి లోపలికి నడిచింది. మధ్యలో ఒకసారి ఆగింది. వెనక్కి తిరగలేదు.

ఆ శనివారం పార్లర్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఎర్సీలియా ఏదో కొత్త మతంలో కలిసిందని ఒకరు, మనవరాలి మీద పగబట్టిందని ఒకరు అనుకున్నారు. ఎదురింట్లో చేయా ఇటు చూడకుండానే చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చుకునేది. తలుపు ముందు నుంచి పోయే పిల్లల్లో కొందరు కేక వేయడం మానేశారు, ఇంట్లో వద్దన్నారు కాబోలు. సంతకు పోవాల్సొస్తే ఎర్సీలియా వెనక వీధిలోంచి పోయేది. రోజూ పొద్దున మాత్రం పిల్ల చెయ్యి పట్టుకుని అదే గేటుకు, అదే ఆడవాళ్ళ మధ్యలోంచి నడిచేది. కొన్ని పొద్దులు కూర్చోవాల్సి వచ్చింది. కొన్ని పొద్దులు రాలేదు.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం. కరెంటు అప్పుడే వచ్చింది. డ్రయ్యరు కింద ఊరికి కొత్తగా వచ్చిన టీచరుగారి భార్య, ఫేలీసియా, కూర్చుని ఉంది. బయట పరుగు చప్పుడైంది. నినీ తలుపులోంచి దూసుకొచ్చి, బ్యాగు ఖాళీ కుర్చీలో విసిరి, "అమ్మమ్మా, ఆకలి! గిన్నె అడుగున మాడిన అన్నం నాకే, ఎవరికీ పెట్టకు" అని అరుస్తూ వంటింట్లోకి పోయింది. గరిటెతో గిన్నె గీకుతున్న చప్పుడు, దాని వెంటే ఏదో పాట.

ఎర్సీలియా చేతిలో రోలరు అలాగే ఉండిపోయింది. పిల్ల అడగలేదు. భయంతో బిగబట్టుకుని మానలేదు. మర్చిపోయింది, అంతే. ఊళ్ళో పిల్లలందరూ మర్చిపోయినట్టు.

ఫేలీసియా డ్రయ్యరు కింద నుంచి తల బయటపెట్టింది. చెవులు ఇంకా దిమ్మెక్కి ఉన్నాయి కనుక గట్టిగానే అంది, వీధికి కూడా వినపడేలా. "ఏమిటి దోన్యా, పెద్దవాళ్ళు మీరు ఎదురుగా ఉంటే పిల్ల దీవెన అడక్కుండానే లోపలికి పోయింది? మీ ఇంట్లో పిల్లల్ని ఇలాగేనా పెంచేది?"

ఎదురింటి వాకిట్లో చేయా చీపురు ఆగింది.

ఎర్సీలియా ముఖం ఎర్రబడింది. తల వంచుకునే రోలరుకు పిన్ను పెట్టింది.

"అవునమ్మా," అంది. "ఇలాగే పెంచుతున్నాం."